బిడ్డ బాగుంది సరే, బాలింత సంగతేమిటి?



తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చంద్రగిరి, పీలేరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు వైపుల నుంచే కాక కడప, నెల్లూరు జిల్లాల పల్లెల నుంచి కూడా కాన్పులకు వస్తుంటారు. ఇంటికి పంపించే రోజున వరండాలో సందడంతా బిడ్డ చుట్టూనే. టవల్లో చుట్టిన పసిగుడ్డును ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ ముక్కు ఎవరి పోలికో, నుదురు ఎవరి పోలికో తేల్చేస్తుంటారు. తల్లి మాత్రం కుట్ల మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంటుంది. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి మెట్టు ఎక్కాలంటే కాలెత్తలేదు. ఆమె సంచిలోని డిశ్చార్జి కాగితంలో బిడ్డ టీకాల తేదీలు, ఐరన్ మాత్రల పేరు, కుట్లు చూపించుకోవాల్సిన రోజు ఉంటాయి. రాబోయే ఆరు వారాల్లో ఆమె ఒళ్లూ మనసూ ఏమేం దాటాలో ఆ కాగితం చెప్పదు. చాలా ఇళ్లలో ఎవరూ చెప్పరు.

కాన్పు అయిన గంటకు గర్భసంచి బరువు దాదాపు కిలో ఉంటుంది. ఆరు వారాలకల్లా అది 60, 70 గ్రాములకు దిగిపోవాలి. బిడ్డ రొమ్ము పట్టినప్పుడల్లా పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి ఆ కుంచించుకోవడం వల్ల వచ్చేదే. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్లకు అది మరీ ఎక్కువగా ఉంటుంది. మాయ ఊడిన చోట లోపల అరచేతి వెడల్పున గాయం మిగులుతుంది. అది మానుతున్న కొద్దీ మైల మొదట ఎర్రగా, కొన్ని రోజులకు గోధుమరంగుగా, ఆ తర్వాత తెల్లగా మారి నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగుతుంది. మూడో రోజో నాలుగో రోజో పాలు దిగి రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. గర్భంలో ఒంటికి పట్టిన నీరు చెమటగా, మూత్రంగా బయటికి పోతుంది. రాత్రుళ్లు జాకెట్టు తడిసిపోతుంది. తొమ్మిది నెలలూ పెరుగుతూ వచ్చిన హార్మోన్లు, మాయ బయటపడిన రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతాయి. ఇదంతా జరుగుతున్నది రెండేసి గంటలకు లేచి పాలిస్తున్న మనిషి ఒంట్లో.

ఒకప్పుడు ఈ ఆరు వారాలు ప్రాణాలతో దాటడమే గగనం. చిత్తూరు పట్టణం 1911లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. ఆర్కాటు సీమలోనే, తిండివనంలో, 1890లలో ఒక రాత్రి ఐడా స్కడర్ అనే అమెరికన్ యువతి దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగవాళ్లు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కాలేక అల్లాడుతున్నారు. ఐడా తండ్రి డాక్టరే, ఆయన వస్తానన్నాడు కూడా. పరాయి మగవాడిని లోపలికి రానివ్వలేమని వాళ్లు వెనుదిరిగారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఐడా ఆ తర్వాత వైద్యం చదివి వచ్చి వెల్లూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాలే ఇవాళ చిత్తూరు జిల్లా జనం ఏ పెద్ద జబ్బు వచ్చినా బస్సెక్కి వెళ్లే సీఎంసీ ఆసుపత్రి. ఐడా పనిచేసిన ఆర్కాట్ మిషనే మదనపల్లెలో స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని పెట్టింది. అక్కడి నుంచి ఇక్కడికి చాలా దూరం వచ్చాం. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు చనిపోయిన తల్లులు 45 మంది. అప్పటి దేశ సగటు 97.

అంటే కాన్పును ఆసుపత్రి చేతిలో పెట్టాం, ఫలితం దక్కింది. కాన్పు తర్వాతి రోజుల్ని మాత్రం పాత పద్ధతికే వదిలేశాం. ఆ పాత పద్ధతి మొత్తం చెడ్డదీ కాదు, మొత్తం మంచిదీ కాదు.

పుట్టింట్లో బాలింత గది ఎలా ఉంటుందో ఈ సీమలో తెలియనివాళ్లు అరుదు. వాకిలికి వేపమండలు. మంచం కింద ఇనుప ముక్క. బాలింత చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన గుడ్డ, నడుముకు చుట్లు చుట్లుగా పాత చీర. పొద్దున్నే అండాలో వేపాకు, వావిలాకు వేసి మరగకాచిన నీళ్లు. ఒక పెద్దామె పీట మీద కూర్చోబెట్టి నడుం మీద, వీపు మీద చెంబుతో చెళ్లున పోస్తుంది. తర్వాత తల ఆరేదాకా సాంబ్రాణి పొగ. అన్నంలో మొదటి ముద్ద శొంఠి పొడి, నెయ్యి. తర్వాత వెల్లుల్లి కారం, కాయం ఉండ. నెల దాటేదాకా పొయ్యి దగ్గరికి రానివ్వరు, బరువు ఎత్తనివ్వరు. ఆయుర్వేద గ్రంథాలు బాలింతను నెలన్నర పాటు ప్రత్యేకంగా చూసుకోమన్నాయి. ఆధునిక వైద్యం ఆరు వారాలంటుంది. రెండు లెక్కలూ దాదాపు ఒకటే.

వేన్నీళ్లతో ఒళ్లు నొప్పులు తీరతాయి, శొంఠి, వెల్లుల్లి వంటల్లో వాడినంత వాడితే ఇబ్బంది లేదు. చిక్కంతా వద్దు అనే జాబితాతోనే. ఆ జాబితాలో అన్నిటికంటే ప్రమాదకరమైనది నీళ్లు తాగనివ్వకపోవడం. "నీళ్లు తాగితే పొట్ట జారతాది, బిడ్డకు జలుబు చేస్తాది" అని రోజుకు రెండు మూడు గ్లాసులతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తల్లిపాలలో 87, 88 శాతం నీళ్లే. బిడ్డ పూర్తిగా పాలకు అలవాటుపడ్డాక రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు తల్లి ఒంట్లోంచి పోతాయి. చిత్తూరు ఎండల్లో, గాలి ఆడని గదిలో, చెమట పట్టే ఒంటితో ఉన్న మనిషికి నీళ్లు తగ్గిస్తే మొదట మలబద్ధకం, మూత్రంలో మంట. అసలు ముప్పు రక్తంతో. కాన్పు సమయంలో రక్తస్రావం ఆగడానికి వీలుగా బాలింత రక్తానికి గడ్డకట్టే గుణం మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది. దానికి నీళ్ల కొరత, రక్తహీనత, కదలకుండా పడుకోవడం తోడైతే కాలి సిరల్లోనో, మెదడు సిరల్లోనో గడ్డ ఏర్పడుతుంది. మెదడులో అయితే భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క చచ్చుబడటం. మన దేశంలో బాలింతలకు వచ్చే ఈ జబ్బు గురించి బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు దశాబ్దాలుగా రాస్తూ వచ్చారు. పల్లెల్లో బాలింత సన్ని అని భయపడి, అంత్రం కట్టించి, మంత్రం వేయించి, ఆలస్యం చేసి పోగొట్టుకున్న ప్రాణాల్లో ఈ జబ్బుతో పోయినవీ ఉండి ఉంటాయి. బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌తో పోయినవి కూడా ఉండి ఉంటాయి. ఆ ఫిట్స్ కాన్పుకు ముందే వస్తాయని చాలామంది అనుకుంటారు. కాన్పు తర్వాత వారాల్లోనూ రావచ్చు.

కాబట్టి దాహం వేసినంత నీళ్లు తాగనివ్వండి. పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన ఒక చెంబు పెడితే చాలు. నడికట్టు వదులుగా ఉంటే వీపుకు ఆసరా. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడి కిందికి, అప్పటికే సాగి నీరసించిన కటి కండరాల మీద పడుతుంది. పొగ తల్లి జుట్టుకు మాత్రమే పట్టి ఊరుకోదు, పక్కనున్న పసికందు ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది.

తిండి దగ్గరా ఇదే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు మామూలుకంటే 600 కిలో కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి ఒంటికి కాన్పులో రక్తం పోయాక కారం మెతుకులు పెట్టి ఆకుకూర, గుడ్డు, పండు, పెరుగు ఆపేయడం ఏం న్యాయం? రాగి సంగటి ఈ సీమ సొత్తు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. కొన్ని ఇళ్లలో చలవ అని దాన్నే పక్కన పెడతారు. ఐరన్, క్యాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. బిడ్డ పుట్టేసిందిగా అని చాలామంది రెండో వారానికే డబ్బా అటక మీద పెట్టేస్తారు.

ఇక సిజేరియన్. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగినట్టు తేలింది, ప్రైవేటు ఆసుపత్రుల్లో 60 శాతం దాటి. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. ఎందుకింత ఎక్కువో వేరే ప్రసంగం అవుతుంది. ఆపరేషన్ అయిన మనిషిని చూసే తీరు మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. "నొప్పులు పడకుండానే బిడ్డను తీసేసినారు, దీనికేం కష్టం" అనే మాట చుట్టాల నోట వింటుంటాం. చర్మం, కొవ్వు, కండరాల పైపొర, కడుపు పొర, గర్భసంచి గోడ, ఇన్ని కోసి మళ్లీ కుట్టిన మనిషి ఆమె. మోకాలికో, పిత్తాశయానికో ఆపరేషన్ అయినవాళ్లకు ఇంట్లో మంచం దిగనివ్వరు. ఈమెకు మాత్రం ఆపరేషన్ అయిన రోజే ఒక బిడ్డను చేతిలో పెట్టి రాత్రంతా చూసుకోమంటారు. చాలామందికి ఆ కోతలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేసేస్తారు. ఆ సర్వే నాటికి రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో 69.6 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. ఇంకా పాతికేళ్లు నిండని పిల్ల ఒంటి మీద ఈ రెండూ ఒకేసారి పడుతున్నాయి.

ఆపరేషన్ అయినవాళ్లు ఏళ్ల తరబడి "వెన్నులో సూది వేసినారు, అప్పటినుంచీ నడుం నొప్పి" అని చెప్పుకుంటారు. ఆ నొప్పి నిజం. కారణం మాత్రం సూది కాదని పరిశోధనలు చెబుతున్నాయి. సూది గుచ్చిన చోట నొప్పి కొన్ని రోజుల్లో పోతుంది. గర్భంలో సడలిన కీళ్ల కట్టులు, సాగి విడిపోయిన పొట్ట కండరాలు, ఆసరా లేకుండా వంగి కూర్చుని రోజుకు పదిసార్లు పాలివ్వడం, వీటి నొప్పి నెలల తరబడి ఉంటుంది. గోడకు చేరగిలబడి, ఒళ్లో దిండు పెట్టుకుని, బిడ్డను రొమ్ము దాకా ఎత్తుకోవాలి తప్ప రొమ్మును బిడ్డ దాకా వంచకూడదు. ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి దొరక్క ఎందరో నడుము పోగొట్టుకుంటున్నారు.

ఆడవాళ్లు తల్లితో కూడా చెప్పుకోలేని బాధ ఇంకొకటుంది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా చుక్కలు చుక్కలుగా మూత్రం జారడం. కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో సుమారు మూడో వంతు మందికి ఇది ఉంటుంది. సిగ్గుపడి పెళ్లిళ్లకు, బస్సు ప్రయాణాలకు దూరమవుతారు. మూత్రం మధ్యలో ఆపుకున్నట్టుగా కటి కండరాలను బిగించి, కొన్ని సెకన్లు పట్టి ఉంచి వదలడం, రోజుకు కొన్ని విడతలుగా, నెలల పాటు చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ వైద్యుడు 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఇది. ఖర్చు లేదు, పడుకునీ చేయవచ్చు. రెండు ఆవులుండే కొన్ని పల్లె ఇళ్లలో నెల తిరక్కముందే పాలక్యాన్లు మోయడం, గడ్డిమోపు ఎత్తడం మొదలవుతుంది. గర్భసంచి కిందికి జారడానికి అది దారి. పాలకేంద్రానికి క్యాన్ మోసే పని ఆరు వారాలు, ఆపరేషన్ అయితే ఇంకొంత కాలం, ఇంట్లో మగవాళ్లు చేస్తే ఏమీ పోదు.

మనసు సంగతికి వద్దాం. కాన్పు అయిన మూడో రోజు నుంచి కారణం లేకుండా కళ్లలో నీళ్లు రావడం, చిన్న మాటకే ఉక్రోషం, నిద్ర పట్టకపోవడం సగానికి పైగా తల్లులకు ఉంటుంది. రెండు వారాల్లో దానంతటది పోతుంది. దానికి మందు అక్కర్లేదు, ఏడవనిచ్చే మనిషి చాలు. రెండు వారాలు దాటినా పోకపోతే మాత్రం అది వేరే. ఆకలి ఉండదు. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాదు. బిడ్డను చూస్తే ప్రేమ పుట్టడం లేదని లోపల్లోపల కుమిలిపోతుంది. తను పనికిరాని తల్లినని, తను లేకపోతేనే అందరికీ మేలని అనిపిస్తుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో, భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూస్తే, కాన్పు తర్వాతి కుంగుబాటు 22 శాతం తల్లుల్లో కనిపించింది. అయిదుగురిలో ఒకరు. వీధిలో ఈ ఏడాది కాన్పయిన అయిదుగురు ఆడవాళ్లను తలచుకుంటే ఆ లెక్క ఏమిటో అర్థమవుతుంది.

చిత్తూరు నుంచి గంట ప్రయాణం కూడా లేని వెల్లూరులో, సీఎంసీ వైద్యులు ప్రతాప్ తరియన్, జయప్రకాశ్ ములియిల్ తదితరులు కణియంబాడి మండల పల్లెల్లోని గర్భిణులను నెలలు నిండుతున్నప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా, ఆ తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల దాకా వెంటబడి చూశారు. 2002లో ఆ ఫలితాలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చాయి. కొత్తగా కుంగుబాటు మొదలైనవాళ్లు 11 శాతం. ఎవరికి ఎక్కువగా వచ్చిందో చూస్తే, అది మన ఊళ్ల కథే. ఇంట్లో ఆదాయం తక్కువైనవాళ్లు. కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టినవాళ్లు. అత్తతోనో, కన్నవాళ్లతోనో పొసగనివాళ్లు. గర్భంతో ఉండగా ఇంట్లో చావో, కష్టమో చూసినవాళ్లు. ఇంటిపనిలో చెయ్యి ఆసరా లేనివాళ్లు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం అదే ఏడాది వెలువరించిన అధ్యయనంలోనూ ఆడపిల్ల పుట్టడం, భర్త చేసే హింస ముందు వరసలో ఉన్నాయి.

వెల్లూరు జాబితాలో చివరిది, చెయ్యి ఆసరా, మామూలుగా ఎవరి కంటికీ ఆనదు. పాత పురుటి పద్ధతిలో అసలు బలం అదే. బాలింతను బతికించింది కాయం ఉండకంటే, ఆ ఉండ చేసిపెట్టిన చేతులు. నీళ్లు పోసే అవ్వ, బిడ్డ గుడ్డలు ఉతికే చెల్లెలు, రాత్రి బిడ్డను ఎత్తుకుని తిప్పే అమ్మ, పలకరించడానికి వచ్చి గంటసేపు కూర్చునే పక్కింటామె. ఇవాళ చాలా ఇళ్లలో చేతులు పోయాయి, ఆంక్షలు మాత్రం మిగిలాయి. అమ్మ లేని పిల్లలున్నారు. ప్రేమపెళ్లి చేసుకుని పుట్టింటి గడప తొక్కలేనివాళ్లున్నారు. అమ్మే ఇంకా కూలికి పోతూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని వదల్లేక, కూతురికి పది రోజులకు మించి చేయలేని ఇళ్లున్నాయి. బతుకుతెరువుకు బెంగళూరు వెళ్లి, ఒంటిగదిలో కాపురం పెట్టినవాళ్లలో కుప్పం, పలమనేరు పిల్లలు ఎందరో. వాళ్లకు ఫోన్లో "పెరుగు తినొద్దు, తలకు గుడ్డ కట్టుకో" అని చెప్పే పెద్దవాళ్లున్నారు. గిన్నె కడిగిపెట్టే మనిషి లేదు.

భర్త ఉన్నాడుగా అంటారు. ఉండాలి. ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. దాన్ని బారసాల పనులకే ఖర్చుపెట్టకుండా, రాత్రి ఒక విడత బిడ్డను తాను చూసుకుని భార్యను వరసగా నాలుగైదు గంటలు నిద్రపోనిస్తే అదే పెద్ద వైద్యం. నిద్రలేమికీ కుంగుబాటుకూ ఉన్న సంబంధం అంత దగ్గరిది.

చట్టం ఏమంటోంది? కాన్పు తర్వాత ఆరు వారాల పాటు స్త్రీని ఏ యజమానీ పనిలో పెట్టుకోకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవు 26 వారాలైంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో లైను మీద నిలబడి పనిచేసే ఆడపిల్లలు తెలుసుకుని ఉండాల్సిన హక్కు ఇది. కూలికి పోయే తల్లికి ఈ సెలవు వర్తించదు. ఆమెకున్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. టమాటా తోటలో ఆ డబ్బు ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్కేస్తే, ఆమె మూడో వారానికే తోటకు ఎందుకు బయల్దేరుతుందో తెలుస్తుంది.

అరుదుగా, వెయ్యి మందిలో ఒకరిద్దరికి, కాన్పైన మొదటి రెండు వారాల్లోనే మనసు పూర్తిగా అదుపు తప్పుతుంది. రెండు మూడు రాత్రులు కన్ను మూయకుండా తిరగడం, గలగలా మాట్లాడటం, ఎవరో బిడ్డను మార్చేశారనడం, వినపడని గొంతులు వినడం. గాలి సోకిందని గుడి చుట్టూ, దర్గా చుట్టూ తిప్పుతూ విలువైన రోజులు పోగొడతారు. ఇది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన స్థితి. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణాపాయం. వైద్యం అందితే చాలామంది కొన్ని వారాల్లో మామూలు మనుషులవుతారు. ఇంతకుముందు ఒకసారి వచ్చినా, బైపోలార్ జబ్బు ఉన్నా, మళ్లీ గర్భం వచ్చినప్పుడే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచి వైద్యం చేసే ప్రత్యేక విభాగం ఉంది. డాక్టర్ ప్రభా చంద్ర నాయకత్వంలో మొదలైన ఇది మన దేశంలో అలాంటివాటిలో మొదటిది. ఇంటి మనిషి ఒకరు తోడుంటారు, తల్లి కోలుకుంటున్న కొద్దీ బిడ్డను ఎత్తుకోవడం, పాలివ్వడం అక్కడే మళ్లీ అలవాటు చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదంటోంది. కుంగుబాటుకు వాడే మందుల్లో పాలిస్తూ వేసుకోదగినవి ఉన్నాయి. సెర్ట్రలైన్ అందుకు తరచూ ఎంచుకునే మందు. పాలు మాన్పించాలేమోనన్న భయంతో వైద్యమే మానుకోవద్దు.

డాక్టరు దాకా వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీమానస్ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అంతకంటే దగ్గరగా, ఊళ్లోనే, ఆశా కార్యకర్త ఉంది. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు ఆమె రావాలి. వస్తుంది కూడా. బిడ్డ బరువు, బొడ్డు, ఒంటి వేడి చూసి పుస్తకంలో రాసుకుంటుంది. "బిడ్డ పాలు తాగతా ఉండాడా మే?" అని అడుగుతుంది. "నీకెట్లుండాది మే, రాత్రి నిద్ర పడతా ఉండాదా?" అనే ప్రశ్న చాలాసార్లు రాదు. అది ఆమె తప్పు కాదు, ఆమె చేతికిచ్చిన పుస్తకం ఎక్కువగా బిడ్డ కోసం తయారైంది.

ఆ ప్రశ్న అడగడం నేర్పిస్తే ఏమవుతుందో పాకిస్తాన్‌లో రుజువైంది. రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో అతిఫ్ రెహ్మాన్ బృందం, మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలకు, కుంగుబాటుతో ఉన్న తల్లులతో ఎలా మాట్లాడాలో నేర్పింది. మానసిక వైద్యం చదివినవాళ్లు కారు. ఇంటికొచ్చి, కూర్చుని, వింటూ, ఆలోచనల్ని చిన్నచిన్నగా మార్చుకోవడం చెప్పేవాళ్లు. ఆరు నెలల తర్వాత చూస్తే, ఆ పలకరింపు అందిన తల్లుల్లో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. మామూలుగా ఇళ్లకు వెళ్లి వచ్చిన చోట అది 53 శాతం. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం చూశాక, మన ఆశాలకు ఆ శిక్షణ ఇవ్వకుండా ఉండటానికి సాకు లేదు.

అడగడానికి సాధనం కూడా సిద్ధంగా ఉంది. 1987లో స్కాట్లండులో జాన్ కాక్స్, ఆయన సహచరులు తయారుచేసిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగిందా, కారణం లేకుండా భయం వేసిందా, నిద్ర పట్టనంత దిగులు పడిందా, ఇలాంటివి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ఏ కొంచెం అవునన్నా ఆ రోజు ఆమెను ఒంటరిగా వదలకూడదు. అత్త, మొగుడు చుట్టూ నిలబడి ఉండగా అడిగితే పదింటికీ లేదనే జవాబు వస్తుంది. గది తలుపు దగ్గరగా వేసి అడగాలి.

ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి: గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, 100.4 దాటిన జ్వరం, వాసన వేసే మైల, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలికే వాపూ నొప్పీ, ఊపిరి అందకపోవడం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా ముహూర్తం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. కాన్పై నెల దాటినా సరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లిని కనీసం మూడుసార్లు చూడాలి: రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో. మొదటి రెండూ ఎలాగో జరుగుతాయి. ఆరో వారం నాటికి కుట్లు మానాయి, మైల ఆగింది, ఇంకేం చూపించుకోవాలి అనుకుంటారు. కానీ ఆరో వారంలో తల్లి ఎలాగూ బయటికి వస్తుంది. బిడ్డకు పెంటావాలెంట్, పోలియో మొదటి మోతాదులు అప్పుడే. బుధవారమో, శనివారమో, ఉపకేంద్రం దగ్గర బిడ్డను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఏఎన్ఎం టేబుల్ మీద బీపీ మిషను ఉంటుంది, హిమోగ్లోబిన్ చూసే పరికరం ఉంటుంది. టీకా వేశాక బిడ్డను కాసేపు అక్కడే ఉంచమంటారు కదా. ఆ కాసేపట్లో తల్లి చేతికి బీపీ పట్టీ చుట్టవచ్చు. వేలి చివర చుక్క రక్తం తీయవచ్చు. బిడ్డను నాయనమ్మ చేతికిచ్చి, పక్క గదిలో కూర్చోబెట్టి ఆ పది ప్రశ్నలూ అడగవచ్చు. ఇందుకు కొత్త పథకం, కొత్త భవనం అక్కర్లేదు. టీకా కార్డులో బిడ్డ గడుల పక్కన తల్లికి ఒక గడి గీస్తే ఈ బుధవారమే మొదలుపెట్టవచ్చు.